మన చెరువు, మన కట్ట: 2024 వార్షిక నివేదిక

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఉన్న మన చెరువు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

జనరల్ బాడీకి ముందు సెక్రటరీ నివేదిక ఇవ్వాలని బైలాస్‌లో ఉంది కనుక ఇస్తున్నాను. ఇంగ్లీషుది ఇప్పటికే మెయిల్‌లో వచ్చి ఉంటుంది. ఇది మన తెలుగు కుటుంబాల కోసం, అందులోనూ ఇండియా నుంచి వచ్చి ఆరేసి నెలలు ఉండి వెళ్ళే అమ్మానాన్నల కోసం. రోజూ పొద్దున్నే కట్ట మీద నడిచేది వాళ్ళే, కట్టని పట్టించుకునేదీ వాళ్ళే. అందుకని ఎమర్జెన్సీ స్పిల్‌వేని (చెరువు నిండితే మిగులు నీళ్ళు పోయే దారి) అలుగు అనీ, రైజర్‌నీ (చెరువులో నీళ్ళు దిగే నిలువు గొట్టం) దాని కింది పైపునీ కలిపి తూము అనీ రాస్తున్నాను. ఇంజినీరు గారు క్షమించాలి.

కిందటేడు కృతజ్ఞతల జాబితాలో రెండు పేర్లు వదిలేశాను. ఉగాది దాకా ఆ రెండు ఇళ్ళ ముందు నుంచి నడవడానికి నాకు మొహం చెల్లలేదు. ఈసారి ఎవరి పేరూ రాయను. చేసిన పని చెబుతాను, చేసినవాళ్ళు ఎవరో మీకే తెలుస్తుంది.

ఈ ఏడు సంగతి హెలీన్‌తోనే మొదలుపెట్టాలి. సెప్టెంబర్ ఆఖరి వారంలో ఆ తుఫాను వచ్చినప్పుడు అట్లాంటాలో 48 గంటల్లో 11.12 అంగుళాల వాన పడింది. అంతకుముందెప్పుడూ అక్కడ రెండు రోజుల్లో అంత పడలేదు. అట్లాంటాకి ఉత్తరాన ఉన్న మనకీ తక్కువేమీ పడలేదు. 27 తెల్లవారుజామున మన అలుగు పారింది. ఇక్కడ మొదటి నుంచీ ఉంటున్నవాళ్ళు కూడా అది పారడం ఇదే చూడటమన్నారు.

కట్టకి ఎడమ చివర గడ్డి పెరిగి వెడల్పుగా కనిపించేదే మన అలుగు. చాలామంది దాన్ని ఖాళీ స్థలం అనుకుంటున్నారు. గురువారం మధ్యాహ్నం వాన జోరందుకోకముందే మేం వెళ్ళి చూస్తే, అందులో ఒక సాకర్ గోల్ నెట్, ఒక ట్రాంపొలీన్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఎవరివో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. నెట్‌కి కొమ్మలూ ఆకులూ చుట్టుకున్నాయంటే అలుగు మూసుకుపోతుంది. అప్పుడు నీళ్ళు కట్ట మీంచి పొర్లుతాయి. మట్టికట్ట మీంచి నీళ్ళు పొర్లితే గండి పడటానికి ఎంతోసేపు పట్టదు. నలుగురం తడుస్తూ అవన్నీ బయటికి లాగాం. ట్రాంపొలీన్ స్ప్రింగులు రెండు పోయాయని తర్వాత నాకు ఫిర్యాదు వచ్చింది. అదీ ఈ నివేదికలో నమోదు చేస్తున్నాను.

ఆ రాత్రంతా గంటకోసారి టార్చి వేసి, తూము మీద పెయింటుతో వేసిన గీతల్ని బట్టి నీటిమట్టం రాసుకున్నాం. తెల్లారేలోపు వాట్సాప్ గ్రూపులో "అంతా సేఫేనా" అని అడిగినవాళ్ళకీ, దండాల బొమ్మలు పెట్టినవాళ్ళకీ లెక్కలేదు. గొడుగు పట్టుకుని కట్ట దాకా వచ్చినవాళ్ళు ఐదుగురు. రెండింటప్పుడు అల్లం చాయ్ ఫ్లాస్కుతో కొడుకుని పంపిన ఇంటికి మాత్రం ప్రత్యేకంగా నమస్కారం.

అసలు మేలు చేసింది వాన వెలిశాక ఒక పెద్దాయన. ఇండియాలో ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు కూతురింటికి వచ్చి ఉన్నారు. సోమవారం పొద్దున వాకింగ్‌లో కట్ట దిగువకి దిగి, తూము పైపు బయటికొచ్చే చోట పక్కన ఊట చూశారు. దాన్ని గాజు గ్లాసులో పట్టి నేరుగా మా ఇంటికి తెచ్చారు. "ఊట లేని కట్ట ఉండదు బాబూ, తేటగా వస్తే భయం లేదు. ఇది చూడు" అన్నారు. పావుగంటలో గ్లాసు అడుగున జార్జియా ఎర్రమట్టి పేరుకుంది. నీటితో పాటు మట్టి వస్తోందంటే లోపల కట్ట కోసుకుపోతోందని అర్థం. అదే పెరిగి పెరిగి బుంగ అవుతుంది. అప్పటికి మన తనిఖీ చెక్‌లిస్టులో "సీపేజ్: ఉంది" అని టిక్కు పెట్టే గడి ఒక్కటే ఉంది, నీళ్ళ రంగు రాసే గడి లేదు. ఇప్పుడు పెట్టాం.

ఇంజినీరు గారు బుధవారమే వచ్చి చూసి చెరువుని రెండడుగులు దించమన్నారు. తర్వాత పైపులో కెమెరా పంపారు. ముడతల ఇనప పైపు, ఊరు కట్టినప్పుడు వేసింది. అడుగు తుప్పు పట్టి అక్కడక్కడా చిల్లులు పడింది, ఒక అతుకు విడిపోయింది. కట్టలోని మట్టి ఆ సందులోంచి పైపులోకీ, పైపు పొడుగునా బయటికీ పోతోంది. పాత పైపు లోపల కొత్త పైపు దూర్చి, సందు సిమెంటుతో నింపాలన్నది ఆయన సలహా. "చలికాలమంతా చెరువు ఎందుకు తగ్గించారు, కయాక్ వేయడానికి లేదు" అని అడిగినవాళ్ళందరికీ జవాబు ఇదే. పైపు బాగుపడేదాకా నీళ్ళు పైకి రావు.

కట్ట వాలు మీద మొలిచిన పైన్ మొక్కలు కొట్టించాం. "నీడ పోయింది" అన్నారు కొందరు. కట్టకి చెట్టు నీడ అక్కర్లేదు. వేరు కుళ్ళితే అదే నీటికి దారి. పెద్ద చెట్లు మూడున్నాయి, వాటిని ఇంజినీరు చెప్పకుండా పీకకూడదు కనుక ఆగాం. వసంతంలో బీవర్ (కొమ్మలతో నీళ్ళకి అడ్డుకట్టలు కట్టే జంతువు) ఒకటి తూము జాలీని కొమ్మలతో మూసేసింది. మన వాలంటీర్లలో సగం మంది కంటే అదే ఎక్కువ కష్టపడింది.

ఇక, గర్వంగా చెప్పుకోవలసిన బతుకమ్మ. అక్టోబర్ 5 శనివారం, హెలీన్ పోయిన ఎనిమిదో రోజు. నీళ్ళు దించడం వల్ల రేవు దగ్గరంతా బురద తేలింది. వాయిదా వేద్దామని నేనే అన్నాను. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు, వాళ్ళే గెలిచారు. ప్లైవుడ్ పలకలు పరిచి, రెండు వైపులా తాడు కట్టి దారి చేశారు. తంగేడు ఇక్కడ దొరకదు కదా, నర్సరీల నుంచి గునుగు జాతి సెలోషియా, బంతి, చామంతి తెచ్చి ఇరవై మూడు బతుకమ్మలు పేర్చారు. ఆంధ్రా వాళ్ళూ, తమిళ కుటుంబాలూ, పక్క వీధిలో ఉండే అమెరికన్ ముసలావిడా అందరూ వలయంలో కలిసి చప్పట్లు తట్టారు. నీళ్ళ దాకా దిగిన ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ వేశాం. పట్టుచీర మీద నారింజ రంగు జాకెట్లతో దిగిన ఫోటో ఈ ఏడాది మన క్యాలెండర్ ముఖచిత్రం. ప్లాస్టిక్, దారం, రేకు ఏదీ నీళ్ళలో వేయలేదు. మర్నాడు పిల్లలు వలలతో పూలు తీసేశారు, లేకపోతే అవన్నీ తూము జాలీకే చేరతాయి. పూలు పేర్చినవారికి, సత్తుపిండి చేసినవారికి, పులిహోర వండినవారికి, మైకు అరువిచ్చినవారికి, పలకలు మోసినవారికి, రాత్రి చెత్త ఎత్తినవారికి పేరు పేరునా (పేర్లు రాయకుండానే) ధన్యవాదాలు.

పిల్లల ఫిషింగ్ రోజు, ఈత క్లాసులు మామూలుగానే జరిగాయి. కదిలే పడవలో 13 ఏళ్ళ లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ ఉండాలన్నది జార్జియా చట్టం. పెద్దలూ వేసుకోవాలన్నది మన చెరువు రూలు. రేవు దగ్గర పెట్టెలో అన్ని సైజులూ ఉన్నాయి, తాళం లేదు. తూము గట్టు ఎక్కి గాలం వేయడం మానండి. లోపలికి లాగే నీటికి ఈత వచ్చా రాదా అన్నది పట్టదు.

అధికారుల సంగతి. ఈ దేశపు జాబితాలో ఉన్న 90 వేల పైచిలుకు డ్యాముల్లో సగానికి పైగా ప్రైవేటువే, మనదీ అంతే. కట్ట మనది, పూచీ మనది. మన రాష్ట్రంలో 25 అడుగుల ఎత్తు గానీ, 100 ఎకరా-అడుగుల (ఎకరం నేల మీద అడుగు లోతు నీళ్ళు ఒక ఎకరా-అడుగు) నిల్వ గానీ ఉంటే సేఫ్ డ్యామ్స్ చట్టం కిందికి వస్తుంది. ఎత్తుని బట్టి మనదీ వస్తుంది. కట్ట తెగితే కింద ప్రాణనష్టం జరిగే వీలుంటే మొదటి కేటగిరీ, లేకపోతే రెండోది. మనం ఇప్పటిదాకా రెండోదే. ఇప్పుడు కౌంటీ (ఇక్కడి జిల్లా లాంటిది) వాళ్ళు కట్టకి దిగువన, వాగు పక్కనే కొత్త ఇళ్ళకి అనుమతి ఇచ్చారు. ఆ ఇళ్ళ వల్ల మన కట్ట మొదటి కేటగిరీలోకి మారొచ్చు, ఆ మార్పు ఖర్చు మన నెత్తినే పడొచ్చు. నాలుగు ఉత్తరాలు రాశాం, రెండుసార్లు వెళ్ళి కూర్చున్నాం. "నోట్ చేసుకున్నాం" అన్నారు. ఏం నోట్ చేసుకున్నారో చూపించలేదు.

"చిన్న చెరువే కదా, ఇంత టెన్షన్ ఎందుకు" అని ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. మన రాష్ట్రంలోని టొకోవా జలపాతం మనలో చాలామంది చూశారు, 186 అడుగులు, కింద నిలబడి ఫోటోలు దిగుతాం. దానికి ఎగువన కెల్లీ బార్న్స్ డ్యామ్ ఉండేది, ఒక కాలేజీ సొంత మట్టికట్ట. 1977 నవంబర్ 6న, వానల తర్వాత, అర్ధరాత్రి దాటాక అది తెగింది. నిద్రలో ఉన్నవాళ్ళలో 39 మంది పోయారు. మరుసటి ఏడు, 1978లో వచ్చిన సేఫ్ డ్యామ్స్ చట్టానికి కారణం అదే. అదీ చిన్న చెరువే.

లెక్కలు ట్రెజరర్ గారి షీటులో ఉన్నాయి, ఆడిట్ అయ్యాయి. రిజర్వు ఫండు పైపుకి చాలదు. పదకొండు ఇళ్ళు ఇంకా చందా కట్టలేదు. పైపు కోసం ప్రత్యేక వసూలు మీద మీటింగ్‌లో ఓటు ఉంది. కోరం లేక కిందటిసారి రెండు నెలలు పోయింది, దయచేసి రండి, లేదా ప్రాక్సీ (మీ తరఫున ఓటు వేసే అధికారం) అయినా పంపండి.

మూడు పనిరోజులు పెట్టాం. వచ్చినవాళ్ళు తొమ్మిది, ఆరు, ఆరు. బతుకమ్మకి ప్లేట్లు చాలక మళ్ళీ తెప్పించాం. నేను ఇంకేమీ అనను.

మార్చి మొదటి శనివారం పొద్దున ఎనిమిదింటికి తర్వాతి పనిరోజు. అలుగు గడ్డి కోయాలి, జాలీ కడగాలి. గ్లవ్స్, ఇడ్లీ మేం పెడతాం. గోల్ నెట్ ఇంకా మా గరాజ్‌లోనే ఉంది, వచ్చినప్పుడు తీసుకెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి