వార్షిక నివేదిక: ఈ ఏటి మన పనులు, వాలెస్ గుడిసె కథ

సభ్యులందరికీ నమస్కారం.

తెలుగు బడి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. ఇక చాలామంది రాసి పెట్టమని అడిగిన వేసవి యాత్ర సంగతికి వస్తాను.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఫాల్స్ క్రీక్ అనే కొండ ఊరు దాటాక, బొగాంగ్ హై ప్లెయిన్స్ అనే ఎత్తైన పీఠభూమి మీద వాలెస్ గుడిసె ఉంది. 1889లో వాలెస్ అన్నదమ్ములు ముగ్గురూ ఆరు వారాల్లో కట్టారని చెబుతారు. గోడలు చీల్చిన స్నో గమ్ (చలి కొండల్లో పెరిగే ఒక రకం యూకలిప్టస్) మానువి, కప్పు చెక్క పెంకులది. రేకులు తర్వాత వచ్చినవే. చుట్టూ ముసలి స్నో గమ్ చెట్లు మెలికలు తిరిగి ఉంటాయి. వాన పడితే వాటి బెరడు మీద ఎరుపు, ఆకుపచ్చ చారలు ఒక్కసారిగా తేలతాయి. మనవాళ్లు గుడిసె కంటే వాటికే ఎక్కువ ఫొటోలు తీశారు!

కింద లోయలో గడ్డి ఎండే రోజుల్లో పశువుల కాపరులు మందల్ని పైకి తోలేవారు, చలి ముదిరేలోపు దించేసేవారు. ఆలస్యమై మంచులో చిక్కుకుంటే మంద దక్కదు. పశువులు కొండంతా చెదిరి మేస్తాయి కదా, వాటికి ఉప్పు పెట్టడానికి, పోగు చేయడానికి వచ్చినవాళ్లకు తలదాచుకునే చోటు ఇదే. అక్కడ నడివేసవిలోనూ వాతావరణాన్ని నమ్మలేం.

"మరి ఆవులేవి?" అని పిల్లలు అడిగారు. 1940లలో మేసీ ఫాసెట్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ పీఠభూమి మీదే రాకీ వ్యాలీలో కొంత నేలకు కంచె వేయించి, మేసిన చోటికీ మేయని చోటికీ తేడా ఏళ్ల తరబడి నమోదు చేశారు. గిట్టల తొక్కిడికి నాచు బురదనేలలు పాడవుతున్నాయని, మట్టి కోసుకుపోతోందని తేలింది. అక్కడి కీవా జలవిద్యుత్ పథకానికి ఆ కొండల మీది నుంచి దిగే నీళ్లే ఆధారం. చివరికి 2005లో, ఈ పీఠభూమి కూడా ఉన్న ఆల్పైన్ నేషనల్ పార్కులో మేపు లైసెన్సులు ఆపేశారు. పశువుల కుటుంబాలు గట్టిగానే ఎదిరించాయి. తాతల నాటి బతుకుతెరువు పోతే కడుపు మండదా? అయినా నా మటుకు ఆ నిర్ణయం సరైనదే, గుడిసెను కాపాడుకోవడమూ సరైనదే. 1967లోనే పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఆ గుడిసెను వారసత్వ జాబితాలో చేర్చింది.

వచ్చే ఏడు మళ్లీ వెళ్దామని కమిటీ అనుకుంటోంది. మంచు కాలంలో ఆ రోడ్డు మూసేస్తారు కాబట్టి, అక్కడ వేసవి అయిన జనవరిలోనే. పేర్లు కార్యదర్శికి ఇవ్వండి. స్వెటర్లు మరవొద్దు, పులిహోర పొట్లాల చెత్త వెనక్కి తెచ్చుకోవాలి.