ఆడిట్ ఫారంలో లేని రిస్కు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా అక్టోబర్ 10 మానసిక ఆరోగ్య దినం రాగానే మన పేపర్లన్నీ, మీది కూడా, "ఒత్తిడిని జయించడం ఎలా" అని అర పేజీ వేస్తాయి. గట్టిగా ఊపిరి పీల్చండి, పాటలు వినండి, పొద్దున్నే నడవండి, నానబెట్టిన బాదం తినండి. బాదం మీద నాకు కోపమేమీ లేదు. కానీ ప్రభుత్వ రంగ బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేసి పోయినేడాది రిటైరైనవాణ్ణి, ఒక్క మాట అడుగుతాను. ఆఫీసులో కరెంటు వైరు తెగి వేలాడుతుంటే ముందు వైరు బాగుచేయిస్తామా, లేక షాక్ కొడితే తట్టుకోవడం ఎలా అని స్టాఫుకి క్లాసు పెడతామా?

మా బ్రాంచిలో రోజు ఎలా మొదలయ్యేదో చెప్తాను. తొమ్మిదిన్నరకి రీజనల్ ఆఫీసుతో వీడియో కాన్ఫరెన్సు. అప్పటికి క్యాష్ సేఫ్ కూడా తీసి ఉండం, బయట మెట్ల మీద పింఛను ముసలివాళ్ళు కూర్చుని ఉంటారు, మేనేజరు చెవిలో మాత్రం ఇయర్‌ఫోను. నిన్న ఇన్సూరెన్సు పాలసీలు ఎన్ని, అటల్ పెన్షన్ ఎన్ని, కొత్త ఖాతాలు ఎన్ని. "నిల్" అన్న బ్రాంచి పేరు రీజియన్ మొత్తం వినేలా రెండుసార్లు చదువుతారు. మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో లిస్టు వస్తుంది, మన పేరు ఎర్ర రంగులో. సాయంత్రం మళ్ళీ కాల్. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవన్నది 2015 సెప్టెంబరు నుంచి ఉంది, లోన్ మేళాలు సరిగ్గా ఆ శనివారాలకే పడేవి.

ఒక అబ్బాయి వచ్చాడు మా దగ్గరికి, శ్రీకాకుళం వైపు వాడు, ఆఫీసరుగా మొదటి పోస్టింగు. చురుకైనవాడు. ఆరు నెలలు తిరిగేసరికి పొద్దున టిఫిన్ తినడం మానేశాడు. ఎందుకయ్యా అంటే తొమ్మిదిన్నర కాల్ ముందు కక్కు వచ్చేస్తోంది సార్ అన్నాడు. గ్యాస్ ట్రబుల్ అనుకుని గుంటూరులో ఎండోస్కోపీ చేయించుకున్నాడు, ఏమీ లేదన్నారు. పని ఎక్కువైందేమో అని నేనే ఒకరోజు కూర్చోబెట్టి అడిగితే, "పని ఎక్కువని కాదు సార్, వాళ్ళు నన్ను నమ్మి సంతకం పెడుతున్నారు" అన్నాడు. విషయం ఏంటంటే, పంట రుణం రెన్యూవల్‌కి వచ్చిన రైతుకి ఒక పాలసీ అంటగట్టాలి. ఆయన అది ఫిక్సెడ్ డిపాజిట్ అనుకుంటాడు. మరుసటేడు కూతురి పెళ్ళి పెట్టుకుని బాండు పట్టుకొచ్చి నా డబ్బులివ్వమంటాడు. ఇంకో నాలుగేళ్ళు కట్టాలని ఆయనకి చెప్పాల్సింది ఈ అబ్బాయే, అందరి ముందూ తిట్లు తినాల్సిందీ ఈ అబ్బాయే. టార్గెట్ ఇచ్చినవాళ్ళు ఆ కౌంటర్ దగ్గర ఉండరు కదా.

దీనికి పైఆఫీసు చేసిన వైద్యం ఏంటో తెలుసా? స్ట్రెస్ మేనేజ్‌మెంట్ మీద ఆన్‌లైన్ ఉపన్యాసం. ఎప్పుడు? సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, డ్యూటీ అయ్యాక. హాజరు తప్పనిసరి, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి.

తర్వాత కొత్త రీజనల్ మేనేజరు వచ్చారు. పెద్ద మార్పులేమీ చేయలేదాయన. రోజూ ఉండే కాల్ సోమవారానికి ఒక్కటి చేశారు, పేర్లు చదివి పరువు తీయడం మాన్పించారు, పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న క్లర్కు సీటుకి ఒకరిని డెప్యుటేషన్ మీద పంపారు, పాలసీ అడగాల్సిన పని పంట రుణం టేబుల్ దగ్గర్నుంచి తీసేశారు. మూడు నెలల్లో ఆ అబ్బాయి మాతోపాటు ఇడ్లీ తింటున్నాడు. నేను డాక్టర్ని కాను, ఒక్కడి కథతో ఏదీ రుజువైపోదని తెలుసు. కానీ ఆ అబ్బాయి మారలేదు, పని తీరు మారింది. ఆ సార్ ట్రాన్స్‌ఫర్ అయిన వారంలోనే సాయంత్రం కాల్ మళ్ళీ మొదలైందనుకోండి, అది వేరే సంగతి.

"మా కాలంలో మేం పడలేదా, ఈ కాలం పిల్లలు సున్నితం" అనేవాళ్ళు నా తోటి పెన్షనర్లలోనే చాలామంది. పడ్డాం. పడి ఊరుకోలేదు, కిందివాళ్ళ మీద దింపాం. నేను మేనేజరుగా ఉండగా ఒక పింఛన్ల రోజు, హాలు నిండా జనం, క్యాష్ లెక్కలో అయిదు వేలు తగ్గింది. అంతకు ముందే నాకు పైనుంచి ఫోన్లో అక్షింతలు పడ్డాయి. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు క్యాషియరమ్మాయిని కస్టమర్ల ముందే కడిగేశాను. ఆవిడ మాట్లాడకుండా తన జేబులోంచి అయిదు వేలు కట్టి, మర్నాటి నుంచి వారం సెలవు పెట్టింది. ఆ సెలవు మంజూరు చేయడానికి కూడా సణిగాను. ఇవాళ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పనిచోట మనసుని దెబ్బతీసే ఇలాంటివాటికి సైకోసోషల్ హజార్డ్స్ అని పేరు. మనిషి లోపాలు కావివి, పనిని అమర్చిన తీరులో ఉండే ప్రమాదాలు: మనుషులు తక్కువ పని ఎక్కువ, మన పని మీద మనకే మాట చెల్లకపోవడం, నలుగురిలో అవమానం, ఎప్పుడు ఎక్కడికి విసిరేస్తారో అన్న భయం. 2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ వాళ్ళు 45003 అని దీనికో ప్రమాణమే తెచ్చారు, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలిచ్చింది. అందులో శ్వాస వ్యాయామాలు లేవని కాదు, కానీ పనిభారాన్ని, పని వేళల్ని సరిచేయడం, మేనేజర్లకి శిక్షణ ఇవ్వడం కూడా ఉన్నాయి. మనవాళ్ళకి ఎందుకో మొదటిదొక్కటే కనబడుతుంది, బహుశా దానికి ఖర్చు తక్కువ.

మన చట్టానికి ఇదింకా కనబడలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితా ఒకటుంది, సీసం విషం, పాదరసం విషం, సిలికోసిస్, అలా 29. 2020లో చేసి 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లోనూ అలాంటి జాబితాయే ఉంది. ఊపిరితిత్తులున్నాయి, చర్మం ఉంది, చెవులున్నాయి. పని వల్ల మనసుకి తగిలే దెబ్బ ఒక్కటీ లేదు.

బ్యాంకులకి మనిషిని పని నుంచి దూరంగా పెట్టడం చేతకాదనకండి. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళని ఏడాదికోసారి ఏకబిగిన కనీసం పది పనిదినాలు, ముందుగా చెప్పకుండా, సెలవు మీద పంపాలని 2021లో రిజర్వ్ బ్యాంకే రూలు పెట్టింది. ఎందుకు? మనిషి సీట్లో లేనప్పుడు మోసం ఏమైనా ఉంటే బయటపడుతుందని. డబ్బు భద్రంగా ఉండాలంటే మనిషి లేకపోయినా బ్రాంచి నడుస్తుంది, అదే మనిషి జ్వరమొచ్చి రెండు రోజులడిగితే మాత్రం నడవదు!

నేనడిగేది చిన్నది. బ్రాంచి ఆడిట్‌లో మంటలార్పే సిలిండరు తేదీ చూస్తారు, సేఫ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉన్నాయా అని చూస్తారు. ఆ ఫారంలోనే నాలుగు వరుసలు చేర్చండి. ఉండాల్సిన స్టాఫ్ ఎంత, ఉన్నదెంత. అడిగిన సెలవులెన్ని, కాదన్నవెన్ని. పదికి ముందు, ఆరు తర్వాత వచ్చిన రివ్యూ కాల్స్ ఎన్ని. అమ్మిన పాలసీల్లో వద్దని తిరిగొచ్చినవెన్ని. ఆ మార్కులు పడాల్సింది బ్రాంచి మేనేజరుకి కాదు, టార్గెట్ ఇచ్చే రీజనల్ ఆఫీసుకి. లేకపోతే ఇదీ ఇంకో టార్గెట్టయి, "నిన్న మీ బ్రాంచిలో ప్రశాంతత ఎంత శాతం" అని తొమ్మిదిన్నర కాల్‌లో అడుగుతారు.

ఇప్పటికే నిద్ర పట్టనివాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416. ఫ్రీ, ఏ వేళయినా, తెలుగులోనే మాట్లాడతారు.

నా పేరు మాత్రం వేయకండి. పెన్షను ఆ బ్యాంకులోనే పడుతుంది.

- ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు