మన పక్షుల సంఘం వార్షిక నివేదిక, 2022–23

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీలో చదవాలి కాబట్టి రాస్తున్నా, కానీ ఈసారి కొంచెం ఓపిగ్గా వినండి, ఎందుకంటే సంవత్సరమంతా పనిచేసినోళ్ళ కష్టం ఇందులో ఉంది.

కలివికోడి, అంటే మన కడప జిల్లా పొదల్లో ఉండే చాలా అరుదైన పిట్ట (ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్), కనపడిందని ఈ ఏడాది మనకు 7 కబుర్లు వచ్చినాయి. సిద్ధవటం వైపు నుంచి కొన్ని, బద్వేలు వైపు నుంచి కొన్ని. ఏడింటికీ మనోళ్ళు పోయి చూసొచ్చినారు. ఆరు కాదని తేలింది, ఒకటి తేల్చలేకపోయినాం. మూడు తీతువులు. రెండు పట్టపగలు బీడులో పరిగెత్తే మామూలు ఇండియన్ కోర్సర్, దానికి రొమ్ము మీద పట్టీలుండవు, మన పిట్టకు గోధుమరంగు పట్టీలు రెండు ఉంటాయి, పైగా అది రాత్రి తిరిగేది.

ఆరోది వీడియో. వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది, మీరందరూ చూసే ఉంటారు, టార్చి వెలుతురులో ఒక పిట్ట రాయి పక్కన నిలబడి తర్వాత తల వంచుకుని పొదలోకి పరిగెత్తుతుంది. నాకూ గుండె దడదడలాడింది, అబద్ధం చెప్పను. వీడియో తీసిన పిల్లోడినే తోడు తీసుకుని అదే చోటికి పోయినాం, అదే రాయిని టేపు పెట్టి కొలిచినాం, 30 సెంటీమీటర్లు. వీడియోలో నిలబడినప్పుడు పిట్ట తల ఆ రాయి దాటి పైకి కనిపిస్తాంది. కలివికోడి ముక్కు కొన నుంచి తోక దాకా సాగదీసినా 27 సెంటీమీటర్లే. కన్ను చూస్తే పసుపుపచ్చగా ఇంత పెద్దది, ఒళ్ళంతా సన్న గీతలు. స్టోన్ కర్లూ అనే ఇంకో పెద్ద పిట్ట అది. పిల్లోడి ముఖం వాడిపోయింది, మనోళ్ళు వాడికి టీ తాపించి, మళ్ళా ఏది కనపడినా ఫోన్ చెయ్ నాయనా అని చెప్పొచ్చినారు. అట్లనే చెప్పాలి.

ఎందుకింత పట్టుబడతారు, పేపర్లో వస్తే మన ఊరికి పేరొస్తుంది కదా అని కొందరు సభ్యులు నా మీద కోపం చేసుకున్నారు. కనపడిందని పుకారు పుట్టిన మర్నాడే బండ్లేసుకుని టార్చిలతో జనం దిగుతారు, స్పీకర్లో కూత పెట్టి పిలుస్తారు, ఉన్న ఒకటీ అరా పిట్ట కూడా ఆ కలివి పొదలు వదిలి పోతుంది. పక్కా ఆధారం దొరికి ఈ 2022–23 నాటికి పదేళ్ళు దాటింది. ఇప్పుడు ఉత్తుత్తి కబుర్లకు సంతకం పెడితే రేపు నిజంగా కనపడిన రోజు మన మాట ఎవరు నమ్ముతారు?

అట్లని చూసినామన్నోళ్ళను ఎగతాళి చేసేది తప్పు. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు దొర వల్ల లోకానికి తెలిసిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే మన ఊరి వైపు వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకున్నాడు కాబట్టే ఇంకా బతికుందని లోకానికి తెలిసింది, పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ అంతటాయన ఆ వయసులో పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఈ పిట్ట కోసం అభయారణ్యం వచ్చిందన్నా, అది ఉండే చోటు పోకుండా తెలుగు గంగ కాలువ దారి మార్చినారన్నా ఆ రాత్రి వల్లనే.

ఈ ఏడాది మన సంఘానికి గర్వకారణం జీవాల కాపర్ల సమావేశం. బడిలో గది తలుపులు కిటికీలు మూసి, బయటికి వినపడకుండా కలివికోడి కూత పాత రికార్డింగు పెట్టినాం. ఒక పెద్దాయన లేచి నిలబడి, ఇది పొద్దు మునిగి బాగా చీకటి పడినాక అరుస్తాది సామీ, కాసేపే అరిచి ఊరుకుంటాది అన్నాడు. ఆ సంగతి అప్పటికి మేమెవరమూ చెప్పలేదు. గది నిశ్శబ్దమైపోయింది. పోయిన వానాకాలం కూడా విన్నానన్నాడు. అదే ఏడో కబురు. ఆయన చూపించిన చోట నాలుగు సాయంత్రాలు కూచున్నాం, కూత వినపడలేదు, మెత్తటి మట్టి పరిచి పెడితే కాలి గుర్తులూ పడలేదు. రిజిస్టర్లో "ఆధారం లేదు" అని రాసినాం. అబద్ధం అని రాయలేదు, రాయనివ్వను కూడా.

ఆ నాలుగు సాయంత్రాలకు పేర్లిచ్చినోళ్ళు 14 మంది, వచ్చింది ముగ్గురు. గ్రూపులో దండం పెట్టే బొమ్మలు పంపడానికి మాత్రం అందరూ ఉంటారు. ఇక పర్మిషన్ కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ 5 నెలలు తిరిగినాం. ఎర్రచందనం దొంగల భయంతో రాత్రిళ్ళు అడవిలోకి వదలరు, అది న్యాయమే, కానీ ఇవ్వము అనైనా ఒక ముక్క రాసి ఇవ్వాలి కదా. కూత వినపడే కాలం కాస్తా కాగితం రాకముందే దాటిపోయింది, అందుకే అడవి హద్దు బయటే కూచున్నాం.

లెక్కలు: చందాలు, విరాళాలు కలిపి ఖర్చుకు సరిపోయినాయి, 1,140 రూపాయలు మిగులు, బిల్లులు కోశాధికారి అన్న దగ్గర ఉన్నాయి, చూసుకోవచ్చు.

గది ఇచ్చిన హెడ్‌మాస్టర్ గారికి, తన జీపు ఇచ్చి డీజిల్ కూడా అడగని అన్నకు, కాపర్లకు భోజనం వండిన అక్కయ్యలకు, సగం రోజు పని పోగొట్టుకుని వచ్చిన కాపర్లందరికీ, చలిలో కూచున్న ఆ ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

కొత్త పర్మిషన్‌కు అప్లికేషన్ మళ్ళా పెట్టినాం. ఈసారి నిజంగా వచ్చేవాళ్ళే పేర్లు ఇవ్వండి. ఎవరికైనా ఏదైనా కనపడితే గ్రూపులో పెట్టొద్దు, ఆ రాత్రే నాకు ఫోన్ చేయండి, ఎంత పొద్దుపోయినా ఎత్తుతాను.

ఇట్లు,
కార్యదర్శి