మాటలు తీసేసిన ట్రాక్

చెన్నై, సాలిగ్రామం
ఆదివారం మధ్యాహ్నం

చి.ల.సౌ. లలితకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. మీ నాన్న మోకాలు మామూలే, ఆయన పంతమూ మామూలే. చిన్నికి దగ్గు తగ్గిందా? ఫ్యాను కింద తడితల ఆరబెట్టకు.

ఫోనుండగా ఉత్తరమేంటి అంటావని తెలుసు. ఫోన్లో నువ్వు ‘అంతా బాగానే ఉందమ్మా’ అని పెట్టేస్తావు. ఈ నెలలో ఆ వాక్యం మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఒకే శ్రుతి, ఒకే నిడివి. ఒక టేకు తీసి మూడుచోట్ల అతికించినట్టుంది. సుబ్బులత్త కూడా ఏదో అంది. నెల్లూరు వ్యవహారంలో ఆవిడ మాట ఎంత నిజమైందో మనకు తెలుసు కనక నేను పట్టించుకోలేదు. నిన్ను అడగనూ అడగను.

ఊరికే కబుర్లు చెబుదామని కూర్చున్నాను. మొన్న రాత్రి ‘రెవల్యూషనరీ రోడ్’ అనే సినిమా చూశాను. 2008లో వచ్చింది. రిచర్డ్ యేట్స్ 1961లో రాసిన నవల. టైటానిక్ జంటే, కేట్ విన్‌స్లెట్, డికాప్రియో. పడవలో చూసి మురిసిపోయినవాళ్ళు ఇందులో వాళ్ళ కాపురం చూడాలి. కథ 1955 నాటిది. న్యూయార్కులో ఉద్యోగం, కనెక్టికట్‌లో ఊరి బయట తెల్లటి ఇల్లు, ముందు పచ్చిక, ఇద్దరు పిల్లలు. బెంగుళూరులో మీ సర్జాపూర్ రోడ్డు విల్లాల్లాగే, కాకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ యాప్ లేదు. డైరెక్టరు శామ్ మెండెస్ అప్పటికి హీరోయిన్ మొగుడే. 2010లో విడిపోయారు. అది ఎందుకు రాశానో, కొట్టేద్దామనుకున్నాను, పెన్ను ఆగలేదు.

డబ్బింగు మాటలు రాసేదాన్ని కదా, చూస్తున్నంతసేపూ నా బుర్ర ఆ లెక్కల్లోనే ఉంది. ఇది తెలుగు చేయాలంటే ఎక్కడ తంటా వస్తుందా అని. మొదట్లోనే మొగుడూపెళ్ళాలు రోడ్డు పక్కన కారాపి పోట్లాడుకుంటారు. ఆవిడ వేసిన నాటకం బాగా పోలేదు, అతను ఓదార్చబోతాడు, ఆవిడకి మాట్లాడటం ఇష్టం లేదు. పోట్లాట రాయటం తేలికనుకుంటారు, కాదు. పెదవులు కలిసే అక్షరాలు ప, బ, మ, వాటి ఒత్తులు. క్లోజప్పులో అవి ఎక్కడ పడితే మన పదంలోనూ అక్కడే పడాలి. ఇంగ్లీషులో ‘స్టాప్’ అంటే నోరు మూతపడి ఊరుకుంటుంది. మన ‘ఆపు’లో పెదవులు కలిసి మళ్ళీ విడిపోతాయి, ఆ చివరి ఉకారాన్ని ఆర్టిస్టు మింగెయ్యాలి. తెలుగు మాటలన్నీ దాదాపు అచ్చులతోనే ముగుస్తాయి కదా, తెరమీద నోరు మూసుకున్నాక కూడా మన గొంతు సాగుతూనే ఉంటుంది. రెండు ఫ్రేములు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టరు. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేముల్లో నాలుగైదు జరిగితే మన చిన్ని కూడా పట్టేస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు క్రియది. ‘నువ్వంటే నాకు ప్రేమ లేదు’ అన్నప్పుడు ఆ ‘లేదు’ చివర్న వస్తుంది. ఇంగ్లీషులో కాదనటం ముందే అయిపోతుంది. అందుకని ఎడిటరు వినేవాడి మొహానికి ముందే కట్ చేస్తాడు. మనం ఉన్నదున్నట్టు రాస్తే మాట పడకముందే మొగుడు ఉలిక్కిపడతాడు. అలాంటిచోట ‘లేదు! నీమీద నాకు లేదు’ అని తిరగేసి రాయాలి. వీపు కనబడే షాటో, భుజం మీదుగా తీసే సజెషన్ షాటో అయితే ఈ తంటా ఉండదు, కావలసినంత రాసుకోవచ్చు.

ఇంకొకటి. ఒకప్పుడు ఇద్దరు ఆర్టిస్టుల్నీ ఒకే మైకు ముందు నిలబెట్టేవారు. ఒకరి ఊపిరి ఇంకొకరికి తగిలేది, కోపం దానంతటదే వచ్చేది. ఇప్పుడెవరి ట్రాకు వారిది. ఆవిడ సోమవారం వచ్చి పోట్లాడి వెళ్తుంది, ఆయన గురువారం వచ్చి జవాబు చెబుతాడు. మిక్సింగులో ఎంత దగ్గరికి జరిపినా పొడిగానే ఉంటుంది. సుబ్బులత్త అన్నదీ ఇలాంటిదే, అల్లుడుగారు కంపెనీ గెస్టుహౌసులో ఉంటున్నారట. ఆఫీసు పని అయ్యుంటుంది. నేను అడగటం లేదు.

కథలోకి వద్దాం. అన్నీ అమ్మేసి పారిస్ పోదామంటుంది ఆవిడ. తను ఉద్యోగం చేస్తుందట, అతను తనకేం కావాలో తీరిగ్గా తేల్చుకుంటాడట. కొన్నాళ్ళు ఇద్దరూ సంతోషంగానే ఉంటారు. ఇంతలో అతనికి ప్రమోషన్ మాట, ఆవిడకి మూడో కడుపు. పారిస్ అటకెక్కుతుంది. వాళ్ళకి ఆ ఇల్లు చూపించిన గివింగ్స్ అనే ఆవిడ కొడుకొకడు, పిచ్చాసుపత్రి నుంచి వచ్చినవాడు, లెక్కల్లో ఉద్దండుడు. ఆ ఇంట్లో నిజం మాట్లాడేది అతనొక్కడే. ఆ వేషానికి మైకేల్ షానన్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, రావాల్సిందే. అతను వచ్చి వెళ్ళాక ఇంట్లో ఘోరమైన పోట్లాట, ఆవిడ చెట్లలోకి పారిపోతుంది. నాకు భయం వేసింది అక్కడ కాదు.

మర్నాడు పొద్దున. అతను భయపడుతూ కిందికి వస్తాడు. ఆవిడ చక్కగా తయారై, వంటింట్లో టిఫిను చేస్తుంటుంది. గుడ్డు ఎలా కావాలని అడుగుతుంది. నవ్వుతుంది. ఆఫీసు పని గురించి అడుగుతుంది, అతను కంప్యూటరు ఎలా పనిచేస్తుందో కాగితం నేప్‌కిన్ మీద బొమ్మ గీసి చెబుతాడు. ఆవిడ శ్రద్ధగా వింటుంది. అన్నీ మర్యాద మాటలే. పెదవులకి అతికేలా రాయటం అరగంట పని. చెప్పించటం మాత్రం మహా కష్టం, ఎందుకంటే గొంతులో ఏమీ ఉండకూడదు. కొంచెం బాధ కలిపితే సీను పోతుంది. నిజంగా సంతోషంగా చెబితే కూడా పోతుంది. అతను ఆఫీసుకి వెళ్ళాక ఆవిడ ఆ కడుపు తానే తీసేసుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది, ఆస్పత్రిలో పోతుంది. కేకలేసిన రాత్రి ఇద్దరూ బతికే ఉన్నారు, లలితా.

డబ్బింగుకి వచ్చే సినిమాతో ఎమ్ అండ్ ఈ ట్రాకని ఒకటి వస్తుంది. డైలాగులన్నీ తీసేసి, సంగీతం, చప్పుళ్ళు మాత్రం ఉంచుతారు. తలుపు, చెప్పులు, గిన్నె మీద గరిటె, కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు. మాటలెక్కించక ముందు అది విడిగా వింటే ఇల్లంతా తిరుగుతుంటారు గానీ ఎవరూ ఉండరు. మొన్న నువ్వు స్పీకరు మీద పెట్టి చిన్నికి అన్నం తినిపించావే, వెనక అల్లుడుగారు తాళాలు తీసుకున్నారు, బూట్లు వేసుకున్నారు, తలుపు వేశారు. ‘వెళ్ళొస్తా’ అన్న మాట వినబడలేదు. మైకు దూరంగా ఉందేమో.

నీతులు చెప్పనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. అయినా ఒక్కటి. అనాల్సింది ఉంటే అను. చిన్ని నిద్రపోయాక, తలుపు వేసుకుని, కూర్చుని అను. కారులో వద్దు, ఒకరు స్టీరింగు పట్టుకుని ఉంటారు. మెసేజుల్లో అసలే వద్దు, అందులో ఊపిరి ఉండదు. గట్టిగా అరిచినా ఫర్వాలేదు. మీ నాన్నా నేనూ అరుచుకుంటే పక్కింటి తమిళావిడకి తెలుగొచ్చింది. ఇదుగో, ఒకటన్నాను, నాలుగయ్యాయి.

సినిమా చివర్న ఆ గివింగ్స్ ఆవిడ మొగుడి దగ్గర కూర్చుని, ఒకప్పుడు తను తెగ మెచ్చుకున్న ఆ కుటుంబాన్నే ఆడిపోసుకుంటుంది. ఆ ముసలాయన మెల్లగా చెవి మిషను తగ్గించేస్తాడు. ఆవిడ పెదవులు ఆడుతూనే ఉంటాయి, శబ్దం ఉండదు. డైలాగు రైటరుకి అంతకన్నా సుఖమైన సీను ఇంకోటి లేదు. మీ తాతయ్య మిషను గుర్తొచ్చి నవ్వుకున్నాను.

కందిపొడి కొట్టాను. రెండు గ్లాసుల కందిపప్పుకి ఒకటి శనగపప్పు, పదిహేను ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు. నీకు పడదని వెల్లుల్లి వెయ్యలేదు. అల్లుడుగారికి వెల్లుల్లి వేసింది వేరే సీసాలో కట్టాను, ఎర్రమూతది. ఆ సీసా అక్కడే ఉంటుందో, గెస్టుహౌసుకి పోతుందో నువ్వే చూసుకో. పప్పు దోరగా, సన్నసెగ మీదే వేయించాలి. మాడితే చేదు, పచ్చిగా ఉంటే పురుగు.

బుధవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు తీశాను. మీ నాన్నకి చెప్పలేదు, కందిపొడి ఇచ్చి వస్తానన్నాను, అంతే. మీకు దగ్గరని కృష్ణరాజపురంలో దిగుతాను. స్టేషనుకి ఇద్దరూ రానక్కర్లేదు. ఎవరొస్తారో మెసేజ్ పెట్టు. బొటనవేలు బొమ్మ కాదు, పేరు రాయి.

అమ్మ