అవయవం తెచ్చేటప్పటి హడావుడి జ్వరమొస్తే ఏదీ?

సంపాదకుడు గారికి,

రేణిగుంట విమానాశ్రయం నుంచి గ్రీన్ ఛానెల్‌లో గుండె తెచ్చిన వైనాన్ని జిల్లా పేజీలో ఫొటోలతో వేశారు. సంతోషమే. ట్రాఫిక్ ఆపారు, నాయకులు ఫొటోలు దిగారు. మరి అవయవం పెట్టించుకున్న మనిషి ఏడాదికో రెండేళ్లకో అర్ధరాత్రి జ్వరంతో క్యాజువాలిటీకి వస్తే? ఓపీ చీటీ, పారాసిటమాల్, 'పొద్దున రండి'.

వీళ్లు జీవితాంతం టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ లాంటివి మింగుతారు. కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులివి. అందుకే ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం పెద్దగా రాకపోవచ్చు, తెల్లకణాలూ పెరగకపోవచ్చు. మార్చిన కిడ్నీకి నరాలు తెగి ఉంటాయి కాబట్టి అందులో చీము పట్టినా నొప్పి తెలియకపోవచ్చు. థర్మామీటరులో 100 చూసి 'మామూలు జ్వరమే' అనేస్తే ఎలా?

మార్పిడి ఎప్పుడైందో ముందు అడగాలి, జ్వరానికి కారణం దాన్నిబట్టి మారుతుంది. మొదటి నెలైతే కుట్లు, గొట్టాలు, ఆస్పత్రి క్రిములు. ఆరు నెలల దాకా, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లని ఎక్కువగా పట్టే సైటోమెగలో వైరస్, న్యుమోసిస్టిస్ న్యుమోనియా. తర్వాత ఊళ్లో అందరికీ వచ్చేవే: మూత్రంలో ఇన్ఫెక్షన్, డెంగీ, క్షయ, స్క్రబ్ టైఫస్. స్క్రబ్ టైఫస్ గుర్తయిన నల్లటి పక్కు చంకల్లో, గజ్జల్లో ఉందేమో చూడటానికి ఎంతసేపు? ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం, మూత్రం తీసి, బీపీ పడిపోతుంటే గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలి, రిపోర్టు కోసం కూర్చోకూడదు.

అసలు భయం తెలియక ఇచ్చే మందులతోనే. ఒళ్లునొప్పులంటే డైక్లోఫెనాక్ సూది, కిడ్నీకి దెబ్బ. దగ్గుకి క్లారిత్రోమైసిన్, నోటిపూతకి ఫ్లూకోనజోల్ రాస్తే రక్తంలో టాక్రోలిమస్ పెరిగి మళ్లీ కిడ్నీకే ఎసరు. క్షయకి రిఫాంపిసిన్ మొదలెడితే అదే టాక్రోలిమస్ పడిపోయి అవయవం చేజారుతుంది. విరేచనాలకీ టాక్రోలిమస్ లెవెల్ పెరుగుతుంది, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతిలో పెట్టి పంపితే చాలదు. 'ఇన్ఫెక్షన్ కదా, స్టెరాయిడ్ ఆపేయండి' అనే ఘనులూ ఉన్నారు! అలా ఉన్నట్టుండి ఆపితే బీపీ కూలి ప్రాణమే పోవచ్చు. జబ్బు తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ మోతాదు పెంచాల్సి వస్తుంది కూడా. ఏ మందు మార్చాలన్నా మార్పిడి చేసిన డాక్టరుని అడిగే మార్చాలి.

ఆ ఫోన్ నంబరు రోగి ఫైల్లోనే ఉంటుంది. ఫైలు తిరగేసే తీరిక ఎవరికుంది? డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌ని తిట్టి లాభం లేదు, ఆ పిల్లలకి ఇవన్నీ ఎవరు నేర్పారని? పైవాళ్లకి సమీక్షలు, శంకుస్థాపనలు సరిపోతున్నాయి. క్యాజువాలిటీ గోడ మీద అమాత్యుల ఫ్లెక్సీకి చోటుంది గానీ, ఈ నాలుగు ముక్కల బోర్డుకి లేదు. చిత్తూరు జిల్లా వైద్యాధికారులు కుప్పం, పలమనేరు ఆస్పత్రులతో మొదలుపెట్టి ఆ బోర్డు పెట్టించాలి. 108 సిబ్బందికీ ఒక కాపీ ఇవ్వాలి.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, కొర్లగుంట, తిరుపతి