ఆ తెల్ల డిజైర్ సంగతి, ఇంకా మా దగ్గర మారినవి కొన్ని

మా దగ్గర కారు కొన్నవాళ్లకీ, కొందామని ఫోన్లు చేస్తున్నవాళ్లకీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. మాది విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు కొని అమ్మే చిన్న కార్ కన్సల్టెన్సీ, గట్టిగా పది పన్నెండు బండ్లు పడితే ఎక్కువ. 2025లో మా వల్ల ఒక తప్పు జరిగింది. అది ఇప్పటికే నలుగురి నోళ్లలో పడి రకరకాలుగా తిరుగుతోంది కాబట్టి జరిగిందేంటో నేనే చెప్పేస్తే నయం.

జూన్‌లో ఒక తెల్ల డిజైర్‌ని తెనాలి లెక్చరర్ గారొకరికి 5 లక్షల 40 వేలకు ఇచ్చాం. ఆగస్టులో ఆయన ఫోన్ చేసి, ఏసీ వేస్తే తడిబట్ట వాసన వస్తోందండీ, డ్రైవర్ వైపు అద్దం దానంతటదే దిగిపోతోంది అన్నారు. బండి తెప్పించి సీటు ఊడదీసి కార్పెట్ లేపితే వైరింగ్ సాకెట్ల నిండా పచ్చటి చిలుము. సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాం. మామూలుగా ఎవరూ లాగని ఆఖరి జానెడు మేర ఎండిపోయిన సన్నటి ఒండ్రు, గీత గీసినట్టు ఉంది. మొదటి ఓనర్ ఎవరో వెతికి అడిగితే, ఆయన దాచకుండా చెప్పారు, విజయవాడ సింగ్ నగర్‌లో ఇంటి ముందు పెట్టిన బండి, 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద నీళ్లు వచ్చినప్పుడు స్టీరింగ్ దాకా మునిగిందట.

మరి కొనేటప్పుడు నాకెందుకు తెలియలేదు? ఒక బ్రోకర్ గుంటూరు బండి అని తెచ్చాడు, ఆర్సీలో అడ్రస్ కూడా గుంటూరుదే. పాత రోజుల్లో ఏపీ16 అంటే కృష్ణా, ఏపీ07 అంటే గుంటూరు అని నంబర్ చూడగానే చెప్పేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ39 అని ఒకే సిరీస్ వచ్చాక నంబర్ ప్లేటు చూస్తే ఏ ఊరి బండో తెలియదు. అయినా అది సాకే. ఆర్సీ రెండో పేరు మీదికి మారింది 2024 నవంబర్‌లో, అంటే వరద వచ్చిన రెండు నెలలకి. ఆ తేదీ కళ్లముందే ఉన్నా నా బుర్ర వెలగలేదు. కొత్త సీటు కవర్లు, పాలిష్, మంచి వాసన, రేటు కూడా కాస్త తక్కువ, ఆశపడ్డాను.

డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చాం, ఆర్సీ ట్రాన్స్‌ఫర్ ఖర్చుతో సహా. కాకపోతే ఒక్కసారే ఇవ్వలేకపోయాను, సగం ఆ వారంలో, మిగతా సగం మూడు వారాలకి. ఆ మూడు వారాలూ ఆయన కాలేజీకి బస్సులో తిరిగారు, అది మాత్రం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది. బండిని ఉన్నది ఉన్నట్టు చెప్పి స్క్రాప్‌కి ఇచ్చేసి, ఆర్సీ రద్దుకి పెట్టాం.

ఇప్పుడు మీరందరూ అడిగేది, సెకండ్ హ్యాండ్ కారు ఎక్కడ కొంటే టెన్షన్ ఉండదు అని. నా వ్యాపారానికి నష్టమైనా సరే చెప్తున్నా, మీ చుట్టాల్లోనో, మీ ఆఫీసులోనో ఎవరైనా కొన్నప్పటి నుంచీ వాడుతున్న బండి అమ్ముతుంటే మా దాకా రావొద్దు, అదే కొనండి. అది ఎలా తిరిగిందో మీరు చూస్తూనే ఉన్నారు కదా. ఆ తర్వాత మారుతీ ట్రూ వ్యాల్యూ లాంటి, కార్ల కంపెనీల పేరు మీద నడిచే అవుట్‌లెట్లు, రేటు ఎక్కువే గానీ సర్వీస్ రికార్డు దొరుకుతుంది. యాప్‌లలో అమ్మేవాళ్ల దగ్గర వాపసు గడువు ఎన్ని రోజులో, వారంటీలో ఏది రాదో కాగితం మీద చదవండి, వాళ్ల రెండొందల పాయింట్ల చెకింగ్ లిస్టు చూసి నిద్రపోకండి. మాలాంటి కన్సల్టెన్సీ అయితే బోర్డు ఎంత పెద్దదో కాదు, "బండిని మా మెకానిక్‌కి చూపించి తెస్తాను" అన్నప్పుడు యజమాని ముఖం చూడండి. "అక్కర్లేదండీ, నాది గ్యారంటీ" అన్నాడా, టోకెన్ అడ్వాన్స్ జేబులోనే పెట్టుకుని వచ్చేయండి. రోడ్డు పక్కన కలుద్దాం, ఆర్సీ తర్వాత కొరియర్ చేస్తా అనేవాడి గురించి చెప్పేదేముంది.

ఎక్కడ కొన్నా సరే పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి చూడండి, ఎన్నో ఓనరో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుంది. ఫైనాన్స్ కనిపిస్తే అప్పు తీరిందనే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి ఆ ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. చలాన్లు విడిగా చూడాలి. తెలంగాణ బండి చవగ్గా వస్తోందని తెచ్చుకుంటే అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి, ఆ లెక్క కూడా వేసుకుంటే చవక సగం కరిగిపోతుంది.

మీటర్ సంగతి. 40 వేల కిలోమీటర్లు అని చూపించే బండికి బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ అంకెను నమ్మొద్దు. షోరూమ్ సర్వీస్ ట్రాక్ అడగండి, ప్రతిసారీ కిలోమీటర్లు రాసి ఉంటాయి. మా దగ్గర ఇకనుంచి ఆ కాగితంతో పాటు పాత ఇన్సూరెన్స్ క్లెయిముల వివరం కూడా ఫైల్లో పెట్టాకే బండిని యార్డులో నిలబెడతాం. బిల్లు మీద "నీళ్లలో మునగలేదు, మీటర్ తిప్పలేదు" అని రాసి సంతకం పెడతాను. ఏడాదిలోపు అది అబద్ధమని తేలితే బండి వెనక్కి తీసుకుంటాను. దీనివల్ల బండ్లు తగ్గాయి, ఇప్పుడు యార్డులో ఉన్నవి ఐదే.

రేట్ల గురించి కూడా. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొత్త బండి రేటు తగ్గితే పాతదానికి పాత రేటు ఎవరిస్తారు. అప్పటికే కొని పెట్టుకున్న నాలుగు బండ్ల మీద మాకు చేతిచమురు వదిలింది. మా పాత పోస్టుల్లో రేట్లు చూసి బేరం మొదలుపెట్టకండి, తగ్గాయి. ఇంకోటి, 2025 జనవరి నుంచి పాత కార్ల మీద డీలర్ కట్టే జీఎస్టీ 18 శాతం అయింది గానీ అది మా మార్జిన్ మీద, అంటే కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ ఉన్న తేడా మీద, బండి మొత్తం రేటు మీద కాదు. ఎవరైనా "ఐదు లక్షలకి 18 శాతం అదనం" అంటే నవ్వి వచ్చేయండి.

మాకు బండి అమ్మేవాళ్లకి ఒక్క మాట, ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద, వివరాలు నింపకుండా ఓపెన్ సంతకాలు పెట్టి ఎవరికీ ఇవ్వకండి, మాక్కూడా. పేరు మారకముందు ఆ బండితో యాక్సిడెంట్ అయితే పరిహారం ఆర్సీలో పేరున్నవాళ్ల మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి మాకు అప్పగించినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెట్టించుకున్నాకే వెళ్లండి.

లెక్చరర్ గారు మళ్లీ మా దగ్గర కొనలేదు, నేను అడగనూ లేదు. దసరా తర్వాత వాళ్ల బావమరిది ఫ్రెండ్ దగ్గర ఒక వ్యాగన్ఆర్ చూసి, కొనేముందు మీరొకసారి వచ్చి చూస్తారా అని ఫోన్ చేశారు. తెనాలి వెళ్లాను. బండి బాగుంది, బెల్టులు శుభ్రం, టైర్ల మీద నాలుగంకెల కోడ్ మాత్రం 1817, అంటే 2017లో పద్దెనిమిదో వారంలో తయారైనవి. నాలుగు టైర్లకీ కలిపి రేటులో 14 వేలు తగ్గించమన్నాను, పన్నెండు వేలకి తెగింది.