నిక్ డ్రేక్‌ది ఒట్టి బిడియమేనా?

సంపాదకులకు,

ఇంగ్లిష్ జానపద బాణీ గాయకుడు నిక్ డ్రేక్ (1948–1974) గురించి ఎవరు రాసినా, బిడియస్తుడు కాబట్టి ఒంటరి కచేరీల్లో రాణించలేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. బిడియం ఉన్నమాట నిజమే. కానీ ఆయన గిటార్ శ్రుతి లెక్క తెలిసినవాళ్లు అక్కడితో ఆగలేరు.

మన గాత్ర కచేరీలో తంబురా కుదిరిందంటే చివరి మంగళం దాకా అదే ఆధారం. డ్రేక్‌కు పాట మారితే తరచూ తీగల శ్రుతే మారిపోయేది. మామూలు గిటార్, లావు తీగ నుంచి లెక్కిస్తే, ఇ-ఎ-డి-జి-బి-ఇ (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు). ఆయన ‘పింక్ మూన్’ పాటకు కావలసింది సి-జి-సి-ఎఫ్-సి-ఇ. అంటే అన్నిటికన్నా లావైన ఆరో తీగను నాలుగు స్వరస్థానాలు దించాలి. ఐదు, నాలుగు, మూడు తీగలను రెండేసి దించాలి. రెండో తీగను ఒకటి పెంచాలి. అన్నిటికన్నా సన్న తీగ ఒక్కటే ఉన్నచోట ఉంటుంది. బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రాహం వ్యాప్తిలోకి తెచ్చిన డి-ఎ-డి-జి-ఎ-డి దీనిముందు సులువు, మూడు తీగలు రెండేసి దించితే సరి.

మరలు తిప్పగానే పని అయిపోదు. మొత్తం బిగువు తగ్గేసరికి గిటార్ మెడ కాస్త వెనక్కి సర్దుకుంటుంది, ముందు కుదిర్చిన తీగల స్వరం పైకి పోతుంది. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో ఇరుక్కున్న తీగ పాట మధ్యలో టక్కున జారుతుంది. అందుకే కావలసిన స్వరం కన్నా కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి ఆపాలి. అన్నీ అయ్యాక రెండో విడత సవరణ తప్పదు. పైగా లైట్ల వేడికి ఉక్కు తీగలు సాగి స్వరం దిగుతుంది. గిటార్‌కు తగిలించుకుంటే శ్రుతి చూపించే ఈనాటి క్లిప్ ట్యూనర్లు అప్పుడెక్కడివి? హాలు గోలలో చెవే దిక్కు.

1969 సెప్టెంబర్‌లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో శ్రోతలు ఓపిగ్గా కూర్చున్నారు కనుక ఆయన నెగ్గుకొచ్చాడు. తర్వాత బీరు గ్లాసుల నడుమ క్లబ్బుల్లో, శ్రుతి మార్చుకునే ఆ ఖాళీలోనే కబుర్లు మొదలయ్యేవి, పర్యటన సగంలో ఆగిపోయింది. నిజానికి ఇంగ్లండ్ ఫోక్ క్లబ్ గాయకులకు ఆ ఖాళీని నింపడం కూడా విద్యలో భాగమే. పాట పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ, ఓ ఛలోక్తి విసురుతూ చేతులతో తీగలు సవరించేస్తారు. డ్రేక్‌కు అబ్బనిది అదీ!

ఇవాళ హైదరాబాద్ కెఫేల్లో ఒంటరిగా గిటార్ పట్టి ఇలాంటి పాటలు పాడే కుర్రకారుకు కూడా ఈ చిక్కు ఎదురవుతుంది. పాటల వరుసను రాగం, వేగం చూసి కాకుండా ముందు శ్రుతుల వారీగా పేర్చుకోండి. ఒక శ్రుతిలోవి మూడు నాలుగు కలిపి పాడేస్తే కచేరీ మొత్తంలో మార్పులు రెండుకు మించవు. వేరే శ్రుతిలో పెట్టుకున్న రెండో గిటార్ ఉంటే ఆ బాధా లేదు. 12 గేజ్ (గేజ్ అంటే తీగల లావు కొలత) తీగల్లో ఆరోది సికి దించితే వదులై ఫ్రెట్లకు (మెడ మీది లోహపు గట్లకు) కొట్టుకుని జరజరమంటుంది, కాస్త లావైన 13 గేజ్ నయం. కొత్త తీగలు ముందురోజే వేసి, చేత్తో లాగి సాగదీయాలి. ‘పింక్ మూన్’కు కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) రెండో ఫ్రెట్‌లో పెట్టాలి. ఫ్రెట్‌కు ఆనుకునేలా పెట్టి, మోగేటంత మాత్రమే బిగించండి. వదులు తీగల స్వరం కేపో కింద ఎక్కువ పైకి పోతుంది కాబట్టి, బిగించాక ఆరో తీగను మరోసారి సరిచూసుకోండి.

– గిటార్ శిక్షకులు, విజయవాడ